విలువకట్టే కునుకు

జనార్దనయ్యగారు ఏ ఇంటికి విలువ కట్టాలన్నా ముందు ఆ ఇంట్లో ఒక కునుకు తీయాల్సిందే. కునుకులో కల రావాల్సిందే. కల రాందే టేపు బయటికి తీయరు, కలం మూత విప్పరు.

అలాగని ఆయన చదువుకు లోటేమీ లేదు. సివిల్ డిప్లొమా, ఉద్యోగం చేస్తూ చదివిన డిగ్రీ, గట్టెక్కిన శాఖాపరీక్షలు, భవనాల విలువ తేల్చడంలో ప్రత్యేక శిక్షణ, ముప్ఫై ఒక్క ఏళ్ల సర్వీసు. గోడను వేలితో తట్టి లోపల సున్నమో సిమెంటో చెప్పేస్తారు. దూలం వాసన చూసి వయసు చెబుతారు. ఉదయగిరి నుంచి ఆత్మకూరు దాకా రోడ్డుకో కాలవకో ప్రభుత్వం ఇళ్లు తీసుకుంటే, వాటి వెల నిర్ణయించే సీనియర్ అధికారి ఆయనే. ఇన్ని అర్హతలున్న మనిషి చంకలో చాప పెట్టుకుని తిరగడమేమిటో సర్వేయరు సుకుమారికి అంతుపట్టేది కాదు.

సుకుమారి బదిలీ మీద వచ్చి నెలే అయింది. చేతిలో పని ఉంటే అన్నం కూడా నిలబడే తినే రకం.

“సార్, ఈ రోజు ఏడిళ్లు చూడాలి.”

“అయితే ఏడు కునుకులు తీయాలమ్మా. పెందలాడే బయల్దేరదాం.”

ఆత్మకూరులో సిద్ధయ్య అనే ఆయన ఇంటికి వెళ్లారు. ముందు గదిలో చెక్కడం పని చేసిన టేకు తలుపులు ధగధగలాడుతున్నాయి. జనార్దనయ్యగారు వాటి వైపు చూడనైనా చూడకుండా చాప పరిచి గురక పెట్టారు. సుకుమారి గడియారం చూసుకుంటూ వాకిట్లో పచార్లు చేసింది. సిద్ధయ్య భార్య మాత్రం గుమ్మం దగ్గర కూర్చుని మొగుడి చెవిలో ఏదో గొణుగుతూనే ఉంది. ముప్పావు గంటకు ఆయన లేచి, ఒళ్లు విరిచి అన్నారు.

“సిద్ధయ్యా, నాకు కల వచ్చింది. నీ తలుపులు ఏడస్తా ఉండాయి. ‘అనంతసాగరంలో మా ఇంటికి ఎప్పుడు పంపిస్తారు సార్’ అని అడిగినాయి.”

సిద్ధయ్య మొహాన నెత్తురు చుక్క లేదు. మర్నాటికల్లా ఆ అరువు తలుపులు ట్రాక్టరెక్కి అనంతసాగరంలో బావమరిది ఇంటికి వెళ్లిపోయాయి, పాత తలుపులు వచ్చి వాటి చోట నిలబడ్డాయి. జనార్దనయ్యగారు ఆ ముక్క ఏ కాగితం మీదా రాయలేదు.

ఇక జనం ఊరుకుంటారా? సాక్షాత్తూ భూదేవే ఆయన కలలోకి వస్తుందన్నారు. కొండాపురంలో ఒకాయన ఏకంగా కొత్త పరుపు కొనుక్కొచ్చి వేశాడు. “పరుపు మీద కలలు రావయ్యా, నేల మీదే వస్తాయి” అని జనార్దనయ్యగారు దాన్ని వెనక్కి పంపించారు. సుకుమారి మాత్రం ఇదంతా ఒట్టి సోమరితనమనే తేల్చుకుంది.

దుత్తలూరు దాటి సీతారామపురం వైపు వెళ్తే ఒక చిన్న పల్లె. కొత్త కాలవ దారిలో ఓబమ్మ ఇల్లు పోతోంది. వచ్చే డబ్బుతో దుత్తలూరులో కూతురు భారతి ఇంటి పక్కన రెండు గదులు కట్టుకోవాలని ఆమె ఆశ. ఇల్లు చూస్తే మట్టిగోడలు, పాత పెంకులు. దానికొచ్చే సొమ్ముతో ఒక్క గది లేచినా గొప్పే. జాబితా మీద ఆ రోజే సంతకం పడాలి. ఆ తర్వాత అందులో లేనిది కాలవలో కలిసిపోయినట్టే.

“బావి ఏమన్నా ఉందా అవ్వా?” అడిగింది సుకుమారి.

“ఈ బండల్లో బావి యాడుంటాది తల్లీ?” అంది ఓబమ్మ ఆకాశంలోకి చూస్తూ.

సుకుమారి ‘లేదు’ అని రాసేసుకుంది. జనార్దనయ్యగారు పంచలో చాప పరిచారు.

మధ్యాహ్నపు ఎండ తెల్లగా కాస్తోంది. దూరాన ఉదయగిరి కొండ నీలంగా, మబ్బేమో అన్నట్టు తేలుతోంది. కోళ్లు కూడా కళ్లు మూసుకున్నాయి. గోడ చాటు నీడలో కూర్చున్న సుకుమారికే రెప్పలు బరువెక్కి, ఆ పల్లె మొత్తం ఎవరో కంటున్న కలలా అనిపించింది. అంతలో పక్కింటి కామయ్య పిల్లిలా వచ్చాడు.

“పడుకున్నాడా?”

“గురక ఇనపళ్లేదా?”

“వామి కింద బావి సంగతి అడిగినారా?”

“అడిగినారు, లేదన్నాను. ఉందంటే ఇన్నేళ్ల నీళ్లకూ పన్నేస్తారని నువ్వే గదరా చెప్పింది!”

“సంతలో అందరూ అదే అనుకుంటా ఉండారు పిన్నమ్మా.”

సుకుమారి నిద్రమత్తు ఎగిరిపోయింది. పెరట్లో ఉన్న చొప్ప వామి కింద దూలాలు, దూలాల కింద బావి! ఊళ్లో జనం లేనివి ఉన్నాయని చూపిస్తుంటే, ఈ ముసలమ్మ ఉన్నదాన్ని దాచుకుని తన నోట్లో తనే మట్టి కొట్టుకుంటోంది.

ఓబమ్మ పెరటి వైపు చూసింది. “మా ఆయన ఒక్కడే రెండు ఎండాకాలాలు తవ్వినాడురా. బండ పడి వేలు నలిగినా ఆపలా. అట్టాంటి బావిని నా నోటితో లేదన్నాను.”

ఇద్దరూ మౌనంగా ఉండిపోయారు. వెంటనే గురక పెరిగింది. కామయ్య ఏదో అనబోగానే తగ్గింది. మళ్లీ మాట ఆగింది, మళ్లీ గురక పెరిగింది. సుకుమారి నోరు తెరుచుకుని చూసింది. సిద్ధయ్య భార్య గొణుగుడు గుర్తొచ్చి, ఒకపక్క నవ్వాపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మరోపక్క తన తొందర తలుచుకుని సిగ్గుపడింది.

జనార్దనయ్యగారు కొండంత ఆవులింతతో లేచారు.

“ఓబమ్మా, నీ మొగుడు కలలోకి వచ్చినాడు. ‘ఇంత కష్టపడి తవ్వితే గడ్డి కింద పెట్టినారు సార్’ అని ఒకటే బాధ. పన్నూ లేదు గిన్నూ లేదు, బావికి కూడా డబ్బులు కట్టిస్తామని చెప్పినా. నమ్మినాడు పాపం.”

ఓబమ్మ గబగబా పెరట్లోకి దారి తీసింది. వామి పీకడంలో కామయ్యే ముందున్నాడు. దూలాలు పక్కకి తీస్తే చక్కటి రాతికట్టు బావి, అడుగున తళుక్కుమంటూ నీళ్లు. లోతూ వెడల్పూ కొలిచి, రాతికట్టు చూసి జనార్దనయ్యగారు జాబితాలో ఎక్కించారు. ఇంటికన్నా బావికే ఎక్కువొచ్చింది. దుత్తలూరులో రెండో గది కూడా లేచినట్టే.

“గురక బాగా సాధన చేశారు సార్” అంది సుకుమారి మెల్లగా.

“ఏం చేసేదమ్మా? మనం కళ్లు తెరిస్తే వాళ్లు నోరు మూస్తారు. అబద్ధమాడినావని మొహాన్నే అంటే ఈ వయసులో ఆమె తలెత్తుకుంటాదా? కల మీద నెట్టేస్తే ఎవరికీ నామోషీ ఉండదు.”

ఓబమ్మ బావి నీళ్లు చెంబుతో తెచ్చి ఆయన చేతికిచ్చింది.

“సార్, మా ఆయన ఇంకేమన్నా అన్నాడా?”

ముప్ఫై ఒక్క ఏళ్లలో ఆయన్ని ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు. ఆయన సుకుమారి వైపు చూశారు. ఆమె కూడా దిక్కు తోచక చేతిలో టేపు వైపు చూసింది.

“ఏదో చెప్పబోయినాడమ్మా” అన్నారు నీళ్లు మింగి. “అంతలో మెలకువ వచ్చేసింది.”

“అయ్యో! అట్టయితే మళ్లా పడుకో నాయనా!”

వద్దంటున్నా వినకుండా ఓబమ్మ చాప దులిపి పరిచింది. తన పాత చీర మడిచి తలకింద పెట్టింది. కోళ్లను అదిలించింది. మహా అధికారి మారు మాట్లాడకుండా పడుకుని కళ్లు మూసుకున్నారు. కామయ్య దగ్గబోతే ఓబమ్మ కళ్లెర్రజేసింది. బావి వెడల్పు మరోసారి సరిచూద్దామని సుకుమారి టేపు లాగింది. అది కాస్త కిర్రుమంది. ఓబమ్మ పెదాల మీద వేలు పెట్టుకుంది.

“నెమ్మదిగా తల్లీ. వాళ్లిద్దరూ మాట్లాడుకుంటా ఉండారు.”

సుకుమారి చెప్పులు విడిచి, మునివేళ్ల మీద బావి దగ్గరికి నడిచింది.