గోడ మీద రాసిన రహస్యం

ఈ ఉదయం వరద వార్త పని మీద వచ్చి భద్రాచలం కరకట్ట మీద నిలబడి ఉంటే, మైకు కట్టిన ఆటో ఒకటి బొంగురుపోయిన గొంతుతో నా పక్కనుంచి వెళ్ళింది. లోతట్టు కాలనీల వారు సామాన్లు సర్దుకోవాలని, పిల్లలను ఏటి వైపు పంపవద్దని చెబుతోంది. వాన తెరిపిచ్చింది గాని గాలి నిండా ఎర్ర నీటి వాసన. నాకు రెండడుగుల దూరంలో ఉన్న పెద్దమనిషి జేబులోంచి ఫోను తీసి, ఆటో చెప్పింది నిజమేనా అని చూసుకుని, తల ఊపి ఇంటి దారి పట్టాడు. ఆ చూసుకోవడం వెనక ఎవరి చదువుందో ఆయనకు తెలియదు. తెలియనవసరం లేకుండా పని జరగడమే గొప్ప అని నఫీసా మేడం అంటుంది. నేను మాత్రం ఆమె పేరు తలచుకోకుండా అక్కణ్ణుంచి కదలలేకపోయాను.

ఆమె మాకు డిగ్రీ కాలేజీలో లెక్కలు చెప్పింది. ఖమ్మంలో రేకు పెట్టెలు చేసే ఇంటి ఆడపిల్ల. కాంట్రాక్టు లెక్చరర్‌గా భద్రాచలం వచ్చి, ఒక చిన్న గది కిరాయికి తీసుకుని, ఏళ్ళ తరబడి అక్కడే ఉండిపోయింది. ఆమె పాఠం చెప్పే తీరు వేరుగా ఉండేది. బోర్డు నిండా లెక్క చేసి, వచ్చి చివరి బెంచీలో మా పక్కన కూర్చునేది. ఇప్పుడు అందులో తప్పు పట్టమనేది. ఒకసారి నన్ను లేపింది. తప్పేమీ లేదని చెప్పాను.

"లేదని ఎట్ల తెలిసింది వీరభద్రం?"

"చేసింది మీరు కదా మేడం."

"నేనైతే ఏంది? నా మొకం చూసి మార్కులేస్తవా?" అంది. క్లాసంతా నవ్వింది. మూడో వరసలో ఒక గుర్తు తప్పుగా ఉంది. ఆమె కావాలనే తప్పు వేసిందో, పొరపాటున పడిందో ఆ రోజుల్లో మాకు ఎప్పుడూ చెప్పేది కాదు.

నేను డిగ్రీ అయ్యాక పత్రికలో విలేకరిగా చేరాను. ఆమె నలభై దాటాక యూనివర్సిటీలో పరిశోధనకు పేరు నమోదు చేసుకుంది. ఎంచుకున్నది గూఢలిపి శాస్త్రం, అంటే క్రిప్టోగ్రఫీ. సమాచారాన్ని దాచి పంపడం, వచ్చిన సమాచారం అసలైన వారి దగ్గర్నుంచే వచ్చిందా అని తేల్చుకోవడం, ఈ రెండూ దాని పనులు. స్టాఫ్‌రూములో ఒక సీనియర్ సారు నా ముందే ఆమెను ఆట పట్టించాడు. "ఈ వయసుల గీ సదువేందమ్మా? అడివిల ఎవరికి కావాలె గూఢలిపి?" అన్నాడు. ఆమె పేపర్లు దిద్దుకుంటూనే, "మా నాన్న పెట్టెలు చేసిండు సార్. నేను తాళాలు చేద్దామనుకుంటున్న. మీ ఇంట్ల తాళమేస్కోరా?" అంది. డాక్టరేటు లేకుండా యూనివర్సిటీలో ఉద్యోగం రాదు. అది రాకపోతే ఏటేటా కాంట్రాక్టు కాగితం కోసం ఎదురుచూస్తూనే రిటైరైపోవాలి. ఆ సంగతి ఆయనకూ తెలుసు, ఆమెకూ తెలుసు.

ఆమె పరిశోధన దారి మళ్ళింది నా తప్పు వల్ల. ఒక వానాకాలం సాయంత్రం నా ఫోనుకు ఒక సందేశం వచ్చింది. మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చారని, పర్ణశాల వైపు ఒడ్డు ఊళ్ళు వెంటనే ఖాళీ చేయాలని అందులో ఉంది. పైన సర్కారు ముద్ర, కింద ఒక సంతకం. నేను ఎవరినీ అడగకుండా నాకు తెలిసిన ఊళ్ళన్నిటికీ దాన్ని పంపాను. పంపింది విలేకరి కనక జనం నమ్మారు. పర్ణశాల అవతల ఒక చిన్న కోయ ఊరు మొత్తం వానలో తడుస్తూ గుట్టెక్కింది. నెలలు నిండిన ఒకామెను మంచం మీద మోసుకుపోయారు. నీళ్ళు రాలేదు. ఆ సందేశం ఎవడో ఆకతాయి పుట్టించింది. అసలు నష్టం ఆ రోజు జరగలేదు. పది రోజుల తర్వాత నిజమైన హెచ్చరిక వచ్చినప్పుడు ఆ ఊరు కదలలేదు. గొడ్లు కొట్టుకుపోయాయి. మనుషులు ఇంటి కప్పులెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు.

నేను మేడం ఇంటికి వెళ్ళి ఈ సంగతంతా చెప్పుకున్నాను. ఓదారుస్తుందనుకున్నాను. ఆమె చాయ్ కప్పు నా చేతికిచ్చి, "గా మెసేజ్ అసలుదని ఎందుకనుకున్నవ్?" అని మాత్రం అడిగింది.

"సంతకం ఉంది మేడం."

"సంతకం నేను గూడ పెడ్త. నీది పెట్టాల్నా, మీ ఎడిటర్‌ది పెట్టాల్నా?"

నేను తల వంచుకున్నాను. ఆమే అంది: "ఇన్నొద్దులు దాచేటి లెక్కల మీద పడ్డ. ఈడ దాచేటిది ఏమున్నది? ఎవరు చెప్పిండ్రో తేలాలె. గదే కావాలె." ఆ వారంలోనే పరిశోధన అంశం మార్చుకుంది.

ఆమె మొదట తయారుచేసిన పద్ధతి ఇలా ఉండేది. ప్రతి ఊరికీ ఒక రహస్య సంఖ్య ఇస్తారు. హెచ్చరిక పంపే వరద కంట్రోల్ రూమువారు ఆ సంఖ్యను సందేశంతో కలిపి లెక్కకట్టి, చివర ఒక గుర్తు చేరుస్తారు. ఊళ్ళో ఒక బాధ్యుడు తన ఫోనులో అదే రహస్య సంఖ్య కొట్టి సరిచూసుకుంటాడు. కుదిరితే సందేశం అసలుది. సంఖ్య తెలియనివాడు ఆ గుర్తును పుట్టించలేడు. కాగితం మీద దానికి వంక పెట్టడానికి లేదు. గైడు మెచ్చుకున్నాడు. ఒడ్డు ఊళ్ళు కొన్ని ఎంచుకుని, ఒక్కో ఊరికి ఒక్కో మనిషిని కూర్చోబెట్టి నేర్పింది. నేను మోసం చేసిన ఆ కోయ ఊరికి ముత్తయ్య అనే మనిషి బాధ్యుడు.

రెండు నెలల తర్వాత పని ఎలా సాగుతోందో చూద్దామని ఆమెను నా బండి మీద తీసుకెళ్ళాను. ముత్తయ్య ఇంటి ముందు బండి దిగగానే ఇద్దరం ఆగిపోయాం. గోడ మీద జానెడు పొడుగు అంకెలతో ఆ ఊరి రహస్య సంఖ్య సుద్దతో రాసి ఉంది. పైన 'మేడం నంబరు' అని కూడా రాశారు.

"ఇదేంది ముత్తయ్యా?" అంది మేడం.

"మీరిచ్చిందే మేడం. నేను అడివిల ఉన్ననాడు మెసేజొస్తే ఎట్ల? అందుకే రాసి పెట్టిన. తడవకుండ చూరు కింద రాసిన."

"ఎవ్వరికి చెప్పొద్దన్న గదా."

"ఎవ్వరికి చెప్పలే మేడం. మా ఊరోళ్ళకే."

ముత్తయ్య భార్య నాగమ్మ లోపల్నుంచి మంచినీళ్ళు తెస్తూ, "పక్కూరోళ్ళు గూడ రాస్కపోయిండ్రు. ఆళ్ళ నంబరు యాడనో పోయిందంట పాపం," అంది.

నాకు నవ్వాగలేదు. మేడం నవ్వలేదు. మంచం మీద కూర్చుని నీళ్ళు తాగి చాలాసేపు ఆ గోడనే చూసింది. ఆ సంఖ్య చూసిన దారినపోయే వాడెవడైనా ఇప్పుడు అసలుదాన్ని పోలిన హెచ్చరిక పుట్టించగలడు. మూడేళ్ళ పని నాలుగు అడుగుల గోడ మీద ఎండలో బయటపడి ఉంది. తర్వాత మిగతా ఊళ్ళకూ వెళ్ళాం. ఒక చోట తలుపు మీద, ఒక చోట రేషను కార్డు అట్ట మీద, ఒక చోట బడి నల్లబల్ల మూల మీద. అన్ని చోట్లా రాసే ఉంది.

తిరుగు దారిలో ఆమె వెనక సీటు నుంచి, "ముత్తయ్య తప్పు చెయ్యలె వీరభద్రం," అంది. "వరదొస్తదన్న మాటను ఒక్కడు దాచుకునే ఊరు అది కాదు. దాచుకోమని చెప్పిన నాదే తప్పు."

గైడు అలా అనుకోలేదు. ఆ రోజు నేను కూడా యూనివర్సిటీకి వెళ్ళాను గనక ఆ మాటలు నా చెవులతో విన్నాను. "ఇది వాడేవాళ్ళ తప్పు, మీ లెక్కది కాదు. రాసుకున్న ఊళ్ళను తీసెయ్యండి, మిగతావి చూపించండి. మీకు ఇదే ఆఖరి పొడిగింపు, గుర్తుంది కదా?" అన్నాడు. మంచికోరే చెప్పాడు. మేడం బ్యాగు ఒళ్ళో పెట్టుకుని, "తీసేస్తే మిగిలేటియ్యి లేవు సార్. అందరు రాసుకున్నరు," అంది.

"అయితే థీసిస్ లేనట్టేనమ్మా."

"ఇప్పుడు మొదలు పెడ్త సార్."

ఆ ఎండాకాలమంతా ఆమె గది కిటికీలు మూసుకుని పనిచేసింది. రహస్యం ఊళ్ళో ఉండకూడదు, ఊరికి దాచే అలవాటు లేదు కాబట్టి. అందుకని తాళాన్ని రెండు ముక్కలు చేసింది. సందేశానికి గుర్తు వేసే ముక్క పంపేవారి దగ్గర మాత్రమే ఉంటుంది. సరిచూసే ముక్క ఎంతమందికి తెలిసినా ఫరవాలేదు, దానితో సరిచూడటమే తప్ప కొత్తది పుట్టించడం కుదరదు. ఈ సూత్రం ఆమె కనిపెట్టింది కాదు, ఆ శాస్త్రంలో ఉన్నదే. దాన్ని నీళ్ళొచ్చే ఊరికి, సిగ్నల్ సరిగా అందని ఫోనుకు, చదువురాని చేతికి కుదిరేలా మలచడం ఆమె చేసిన పని. సరిచూసే ముక్కను దుకాణాల్లో డబ్బు కట్టడానికి పెట్టే స్కానర్ బొమ్మలా చేసి, ప్రతి ఊరి గోడకూ, గుట్ట మీది బడికీ, వారం సంతలో వేపచెట్టుకూ అంటించింది. థీసిస్ మొదటి అధ్యాయంగా ముత్తయ్య గోడ ఫోటో పెట్టింది. ఓడిపోయిన కథ ముందే ఎందుకని నేనడిగితే, "తప్పు పట్టేటోళ్ళకు వెతుక్కునే శ్రమ తప్పుతది," అంది.

ఆ వానాకాలం గోదావరి పెద్దగా వచ్చింది. నిజమైన హెచ్చరిక అందగానే, మునుపు కదలని ఆ ఊరు ఫోనులో సరిచూసుకుని గుట్టెక్కింది. మర్నాడు మధ్యాహ్నం అందరి ఫోన్లకూ ఇంకో సందేశం వచ్చింది: ప్రమాదం తొలగింది, ఇళ్ళకు వెళ్ళండి. వాన వెలిసింది, పిల్లలు ఆకలి మీద ఉన్నారు, దిగిపోదామని సగం మంది లేచారట. నాగమ్మ బడి గోడ దగ్గర సరిచూసి నాకు ఫోన్ చేసింది.

"విలేకరన్నా, గిది మేడంది కాదు. ఎవడో పంపిండు. మేం దిగం. నువ్వు గిట్ల ఎవ్వరికన్న పంపితివా ఏంది?"

"లేదక్కా, నాకింకా రానే లేదు," అన్నాను.

"వస్తది. వచ్చినా పంపకు."

సాయంత్రానికి నీళ్ళు ఆ ఊరి చూరు దాకా వచ్చాయి. ఈసారి గొడ్లు కూడా గుట్ట మీదే ఉన్నాయి. ఆ మాట ఫోనులో మేడంకు చెప్పాను. ఆమె ముక్కు చీదుకుని, "గుట్ట మీద తిండి ఉందా అడుగు," అంది.

వైవా రోజు యూనివర్సిటీ హాలులో చివరి వరసలో నేను, ముత్తయ్య, నాగమ్మ కూర్చున్నాం. వేరే రాష్ట్రం నుంచి వచ్చిన పరీక్షకుడు పెద్దవాడు, తెలుగు వచ్చినవాడు. గంటసేపు లెక్కల మీద అడిగాడు. అది మాకెవరికీ అర్థం కాలేదు. చివరకు, "గోడ మీది బొమ్మ మీద ఎవరైనా వేరే బొమ్మ అంటిస్తే?" అన్నాడు. గైడు కుర్చీలో ముందుకు జరిగాడు. మేడం, "అంటించినం సార్. చెప్పకుండ మేమే ఒక ఊళ్ళె అంటించి చూసినం. సంతకు పోయినోళ్ళు అక్కడి బొమ్మతోని పోల్చి చూసి, తేడా ఉన్నదని సాయంత్రానికి చింపేసిండ్రు. నాలుగో అధ్యాయంల ఉన్నది," అంది. ఆయన ఆ పేజీ తీసి చదువుకున్నాడు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "దీన్ని పగలగొట్టాలని నెల రోజులు కూర్చున్నాను. నాకు తట్టిన చోటల్లా మీరు ముందే ఒక దెబ్బ వేసి చూసి రాసిపెట్టారు. నాకింక అడగడానికి లేదు," అన్నాడు.

హాలంతా చప్పట్లు కొట్టింది. ముత్తయ్య నా చెయ్యి గిల్లి, "పాసైందా?" అన్నాడు. అయిందన్నాను. నాగమ్మ మొగుడి వైపు తిరిగి, "నీ గోడ వల్లనే," అంది గర్వంగా.

మరుసటి విద్యా సంవత్సరం మేడం అదే యూనివర్సిటీలో లెక్చరరయింది. ఇప్పుడు ఆమె దగ్గర పరిశోధన చేస్తున్నవారిలో ఇద్దరు ఒడ్డు ఊళ్ళ ఆడపిల్లలు. స్టాఫ్‌రూములో ఆట పట్టించిన సారు తన మనవరాలి సీటు కోసం ఫోన్ చేశాడని విన్నాను. ఆమె ఆ అమ్మాయిని తీసుకుంది, ప్రవేశ పరీక్షలో మార్కులు చూసి మాత్రమే. ఏటా మొదటి క్లాసులో ఇప్పటికీ తను చేసిన ఒక పద్ధతిని బోర్డు మీద వేసి, పగలగొట్టమని చెప్పి, వెళ్ళి చివరి బెంచీలో కూర్చుంటుందట. ఒకసారి ఒక విద్యార్థిని నిజంగానే పగలగొడితే, ఆ సాయంత్రం అందరికీ బిర్యానీ తినిపించిందట.

నేనిప్పుడు ఖమ్మంలో డెస్కు బాధ్యత చూస్తున్నాను. ఏ వార్తనైనా అచ్చుకు పంపే ముందు, ఇది తప్పైతే నన్ను పట్టుకోగలిగేది ఎవరు, వారికి దారి చూపించానా అని చూసుకుంటాను. కాగితం ఏ ఆఫీసులో చూడవచ్చో, మాట ఎవరన్నారో, వేటిని మేము స్వయంగా చూడలేదో రాస్తాం. పోయిన నెల పామాయిల్ తోటల భూముల మీద వార్త వేస్తే, పెనుబల్లి రైతు ఒకాయన మేం చెప్పిన ఆఫీసుకే వెళ్ళి, కాగితం చూసి, ఒక సర్వే నంబరు తప్పు రాశారని ఫోన్ చేశాడు. మర్నాడు అదే పేజీలో సవరణ వేశాం. ఆ వార్త దిద్దిన డెస్కు అమ్మాయి సిగ్గుతో ముడుచుకుపోయింది. నాకు మాత్రం ఎవరికైనా చెప్పుకోవాలన్నంత సంతోషమేసి మేడంకు ఫోన్ చేశాను.

అంతా విని ఆమె, "ఆయనకు ఫోన్ చేసి మంచి పని చేసినవని చెప్పినవా?" అంది.

ఇంకా లేదన్నాను.

"మరి నాతోని ఏం ముచ్చట? పెట్టేసి ఆయనకు చెయ్."

పెట్టేసి ఆయనకు చేశాను.