ఏడు నిమిషాలు ఆలస్యమైన నక్షత్రం

మా ఇంటి గోడ గడియారం ఎప్పుడూ పది నిమిషాలు ముందు నడిచేది. పాతబస్తీ ఉప్పుగూడలో మా గల్లీలో చాలా ఇళ్లలో అంతే. లోకల్ బండి పట్టుకోవాల్సిన మనిషి ఇంట్లో ఒక్కరున్నా చాలు, ముల్లు ముందుకు జరిగిపోయేది. ఆ పది నిమిషాల సంగతి అందరికీ తెలుసు, అయినా అందరూ గడియారం చూసి ఉలిక్కిపడేవాళ్లు. నేను మాత్రం తెలివైనదాన్ని కదా! మనసులో పది తీసేసి, తీరిగ్గా జడ వేసుకుని, ఆఖరి నిమిషంలో స్టేషనుకు పరుగెత్తేదాన్ని.

ఇది తొంభైల మధ్యలో మాట. నేను అప్పుడు జంట నక్షత్రాల మీద పిహెచ్‌డీ చేస్తున్నాను. మా బాపు బర్రెల్ని సాకి, మోపెడ్ మీద పాతబస్తీ అంతా పాలు పోసొచ్చేవాడు, అమ్మ గల్లీలో ఇంటింటికీ పోసేది. మా ఇంట్లో ఆ చదువు గురించి ఎవరికీ ఏమీ తెలియదు గానీ, వద్దని కూడా ఎవరూ అనలేదు. పాలు పోయించుకునే ఆడవాళ్లు మాత్రం నన్ను ఆపి, "చుక్కలు చూస్తవంట గదా, మా పిల్లకు పెళ్లెప్పుడైతదో జెప్పు" అనేవాళ్లు. నాకు ముక్కు మీదే కోపం. "ముందు నాదెప్పుడో తెల్వనియ్యి అత్తా" అని విసురుగా వెళ్లిపోయేదాన్ని.

నా నక్షత్రం దూరదర్శినిలో చూస్తే ఒక్క చుక్కే. నిజానికి అవి రెండు. ఒకే గుంజకు కట్టిన రెండు బర్రెల్లాగా దగ్గరదగ్గరగా ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతుంటాయి. తొమ్మిది గంటలకల్లా ఒక చుట్టు పూర్తి. ఒకటి రెండోదానికి అడ్డం వచ్చినప్పుడల్లా వెలుగు తగ్గుతుంది, పక్కకు తప్పుకోగానే మళ్లీ పెరుగుతుంది. వెలుగు అన్నిటికన్నా తగ్గిన క్షణం ఏదో కచ్చితంగా పట్టుకోవడమే నా పని. ఆ క్షణాలు ఏళ్ల తరబడి లెక్క ప్రకారం వస్తే ఆ జంట కుదురుగా ఉన్నట్టు. ముందో వెనకో వస్తే అక్కడేదో జరుగుతున్నట్టు. ఒకదాని ఒంట్లోని పదార్థం రెండోదాని మీదికి పారుతూ ఉండొచ్చు. అలాంటిదొకటి దొరికితే థీసిస్‌కి ప్రాణం వచ్చినట్టే.

వెలుగు కొలిచే పరికరం పొడుగాటి కాగితపు చుట్ట మీద కలంతో గీత గీస్తూ పోయేది. పక్కన టైము మేమే రాసుకోవాలి. ఆ చుట్టలు ఇంటికి తెచ్చి, పగలు వాకిట్లో పరిచి, స్కేలు పెట్టి కొలిచేదాన్ని. గాలికి ఎగరకుండా ఒక కొస అమ్మ పట్టుకునేది.

"ఏంది బిడ్డా, గింత పొడుగు కాగితమంత గీకుడేనా? గీండ్ల చుక్క ఏడున్నది?" అనేది.

"గీ గుంతలున్నది సూడు. గీడనే ఒకటి ఇంకోదానెనక దాక్కున్నది."

"మంచిగున్నది దాగుడుమూతల చదువు" అనేది గానీ, చేతిలో కొస మాత్రం వదిలేది కాదు. ఆ ఓపికకు నేనప్పుడు ఒక్కసారైనా థ్యాంక్స్ చెప్పలేదు. అసలు అది చెప్పాల్సిన విషయమని కూడా తోచలేదు.

రెండో ఏడాది పరిశీలనలు మొదలుపెట్టిన రోజునే స్టేషను మెట్ల మీద పడి మోకాలు పగలగొట్టుకున్నాను. బండి తప్పింది. దాంతో డిపార్ట్‌మెంటు నుంచి ఊరి బయట గుట్ట మీది పరిశీలనశాలకు వెళ్లే జీపూ తప్పింది. పరిశీలనల పుస్తకంలో 'రైలు తప్పింది, పరిశీలన లేదు' అని రాసి, మర్నాటి నుంచి కుంటుకుంటూనే వెళ్లాను.

ఆ ఏడాది పరిశీలనశాల గడియారం మరమ్మతుకు పోయింది. ఎవరి చేతి గడియారంతో వాళ్లు టైము రాసుకోవాలి. మా సారు కోస్తా నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన మనిషి, గట్టిగా మాట్లాడి ఎరగడు. ఆయన పెట్టిన నియమం ఒక్కటే. సాయంత్రం రేడియోలో వార్తల ముందు వచ్చే బీప్‌లతో గడియారం సరిచూసుకుని, ఆ సంగతి పుస్తకంలో రాయాలి. ఆ వార్తల వేళకు నేను బండిలో ఉండేదాన్ని. మా ఇంటి గడియారం సంగతి నాకు తెలియనిదా? బయల్దేరేముందు దాన్ని చూసి, పది తీసేసి, పత్తర్‌గట్టి బజారులో బాపు కొనిపెట్టిన నా వాచీ దిద్దుకునేదాన్ని. పుస్తకంలో మాత్రం రోజూ 'సరిచూశాను' అని రాశాను.

ఆ ఏడాది నక్షత్రం ఏడు నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. ఒక్కరోజు కాదు, చూసిన ప్రతిసారీ. నేను ఎగిరి గంతేశాను. లోకల్ బండి కూడా ఆ ఏడంతా రోజూ ఆలస్యంగానే వచ్చేది. బండిని తిట్టుకున్నాను, నక్షత్రాన్ని మెచ్చుకున్నాను. అప్పుడైనా బుర్ర వెలగలేదు.

పదార్థం పారుతోందని వ్యాసం రాసి సారుకిచ్చాను. ఆయన గ్రాఫు చాలాసేపు చూసి, "ఆలస్యం పెరగడం లేదు, తగ్గడం లేదు. నక్షత్రం ఇంత క్రమశిక్షణగా ఆలస్యం అవుతుందంటావా అమ్మా?" అన్నారు. నేను మొహం ముడుచుకున్నాను. ఫెలోషిప్ ఇంకో అయిదు నెలలే ఉంది. థీసిస్‌లో చెప్పుకోదగ్గ అధ్యాయం అదొక్కటే. "సరే, వర్ణపటాలు రానివ్వు. అవీ అదే మాట చెబితే పంపేద్దాం" అన్నారాయన.

ఆ వర్ణపటాలు తమిళనాడు కొండల మీది పెద్ద దూరదర్శినితో అదే సీజనులో తీసినవి. వెలుగును రంగులుగా విడదీస్తే అందులో సన్నటి నల్లగీతలు కనిపిస్తాయి. వాటిని బట్టి ఏ నక్షత్రం మనవైపు వస్తోందో, ఏది దూరంగా పోతోందో, ఎంత వేగంతో పోతోందో లెక్కకట్టొచ్చు. ఒకటి రెండోదానికి సరిగ్గా అడ్డం వచ్చిన క్షణంలో రెండింటి వేగాలూ సమానం కావాలి. నేను చెప్పిన టైముకి అవి సమానంగా లేవు. అంతకు ఏడు నిమిషాల ముందే సమానమై, మళ్లీ విడివడటం మొదలుపెట్టాయి. అంటే పాత లెక్క ప్రకారం రావాల్సిన క్షణానికే వచ్చాయి.

ఒకే నక్షత్రం, ఒకే సీజను, రెండు సాక్ష్యాలు. ఒకటి తప్పు. నా లెక్కలు మూడుసార్లు తిరగేశాను. భూమి సూర్యుడి చుట్టూ తిరగడం వల్ల వెలుగు అందడంలో వచ్చే తేడాను ఏమైనా మరిచిపోయానా అని చూశాను. మరిచిపోలేదు. ఇక మిగిలింది గడియారమే. మర్నాడు పొద్దున ఏడింటి బీప్‌ల కోసం రేడియో ముందు కూర్చున్నాను. ఆఖరి బీప్ మోగినప్పుడు మా గోడ గడియారం ఏడూ పదిహేడు చూపిస్తోంది.

"అమ్మా, గడియారం ఎవరు ముట్టుకున్నరు?" అని అరిచాను. లోపలి నుంచి చేటతో అమ్మ, కొట్టం నుంచి బాపు ఒకేసారి వచ్చారు.

"నేనే జరిపిన" అన్నాడు బాపు.

"ఎప్పుడు?"

"నువ్వు స్టేషన్ కాడ పడి మోకాలు పలగ్గొట్టుకున్న దినం."

"నాకు చెప్పొద్దా బాపు?"

ఆయన నన్ను వింతగా చూశాడు. "చెప్తే అది గూడ తీసేస్తవ్ గదా!"

వాకిట్లో కూలబడి ఏడ్చాను. ఏడుస్తూనే ఏమయిందో చెప్పాను. బాపుకి వేగాలూ గీతలూ అర్థం కాలేదు గానీ, తన చెయ్యి తగిలి నా చదువు ఆగిపోయేలా ఉందని మాత్రం అర్థమైంది. ఆ రోజు ఆయన అన్నం ముట్టలేదు.

సారుకి చెప్పడానికి వెళ్లాను. బాపు గడియారం జరిపాడని మొదలుపెట్టాను. ఆయన పూర్తిగా విని, పరిశీలనల పుస్తకం తెరిచి, నేను వరసగా రాసిన 'సరిచూశాను'ల మీద వేలు పెట్టారు. "మీ నాన్నగారి పొరపాటు ఏం లేదమ్మా. పొరపాటు ఇదిగో, ఇక్కడుంది" అన్నారు. కొట్టినా అంత నొప్పి పుట్టేది కాదు. తర్వాత నాకు కాఫీ తెప్పించారు. "వెలుగు తగ్గిన తీరు, లోతు, వాటికి ఢోకా లేదు. టైములు మాత్రం పారేద్దాం. నక్షత్రం ఇంకో రెండు నెలలు కనిపిస్తుంది. మళ్లీ చూడు. జరిగింది మాత్రం థీసిస్‌లో ఉన్నదున్నట్టు రాయాలి, దాచకూడదు" అన్నారు.

ఆ రెండు నెలలూ బాపు నన్ను లోకల్ బండి ఎక్కనివ్వలేదు. సాయంత్రం పాలు పితికే వేళను గంట ముందుకు జరిపాడు. బర్రెలు అలిగి పాలు తగ్గించాయి. "ఫికర్ జెయ్యకు, అవే అలవాటైతయ్" అని, పాలడబ్బాలు దించేసిన మోపెడ్ మీద నన్ను కూర్చోబెట్టుకుని, చాదర్‌ఘాట్ ట్రాఫిక్‌లో హారన్ కొడుతూ డిపార్ట్‌మెంటు గుమ్మం దాకా తీసుకెళ్లేవాడు. జీపు కదిలేదాకా అక్కడే నిలబడేవాడు. దారిలో రేడియో దుకాణం ముందు మోపెడ్ ఆపి, బీప్‌లు వచ్చాక "సరిజూసుకున్నవా?" అని అడగడం మాత్రం మరిచేవాడు కాదు.

నక్షత్రం ప్రతిసారీ ఠంచనుగా వచ్చింది. నా గొప్ప అధ్యాయం గాలికి పోయింది. దాని స్థానంలో ఈ జంట కుదురుగానే ఉంది, చెప్పుకోదగ్గ మార్పేమీ లేదు అని రాశాను. అడుగున, రెండో ఏట మొదట రాసిన టైములు వాడలేదని, పరిశీలకురాలు రేడియోతో సరిచూడకుండానే సరిచూశానని రాసిందని, ఆమె తండ్రి ఇంటి గడియారాన్ని ఏడు నిమిషాలు ముందుకు జరిపాడని ఇంగ్లిషులో రాశాను. ఆ ఒక్క పేరాతో పట్టా రాకుండా పోవచ్చనే భయం నాకు నిజంగా ఉండేది.

మౌఖిక పరీక్ష రోజు బాపు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి చివరి వరుసలో కూర్చున్నాడు. పరీక్షకుడు ఉత్తరాది నుంచి వచ్చిన పెద్దాయన. వర్ణపటాల గురించి గుచ్చి గుచ్చి అడిగి, చివరికి ఆ పేజీ తెరిచాడు. పేరా మొత్తం పైకి చదివాడు. ఫాదర్, క్లాక్ అన్న మాటలు వినగానే వెనక కుర్చీ చప్పుడైంది.

బాపు లేచి నిలబడి చేతులు జోడించాడు. "సార్, పిల్లది ఏం తప్పు జెయ్యలే. గడియారం నేను జరిపిన. దాన్ని ఫెయిల్ జెయ్యకుండ్రి."

ఈయనే ఆ తండ్రి అని ఇంగ్లిషులో చెప్పి, సారు ఇంకా ఏదో అనబోయారు. ఆ పెద్దాయన చేత్తో వారించి, నేరుగా బాపునే హిందీలో ఎందుకు జరిపావని అడిగాడు. బాపు జీవితమంతా పాతబస్తీలో పాలు పోసిన మనిషి, తడుముకోలేదు. "బచ్చీ గిర్ గయీ థీ సాబ్. రేల్ కే వాస్తే భాగ్ కే." రైలు కోసం పరుగెత్తి పిల్ల పడిపోయింది, అందుకని.

ఆ పెద్దాయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. బాపుని కూర్చోమన్నాడు. నా వైపు తిరిగి, అచ్చుకు వెళ్లేటప్పుడు ఈ పేరా తీసెయ్యవద్దు, ఇది ఉంది గనకే మిగతా పేజీలను నేను నమ్ముతున్నాను అన్నాడు. ఇంకో ప్రశ్న అడగలేదు.

తర్వాత నేనూ పాఠాలు చెప్పాను. రెండు వేల సంవత్సరం దాటాక కంప్యూటర్లే టైము రాసే రోజులొచ్చినా, నా విద్యార్థులందరి చేతా మొదట ఆ పేరా చదివించాను. నవ్వేవాళ్లు నవ్వారు.

ఆ మౌఖిక పరీక్ష రోజు ఫలితం చెప్పాక బయట వరండాలో బెంచీ మీద బాపు ఒక్కడే కూర్చుని ఉన్నాడు. పాసైనట్టు చెప్పినా ఆయన మొహంలో బెరుకు పోలేదు. పక్కన కూర్చుని ఆయన చెయ్యి పట్టుకున్నాను. పాల తడికి ఏళ్లుగా నానిన చెయ్యి, మెత్తగా ఉంది. థీసిస్ మొదటి పేజీలో ఇంగ్లిషులో రాసిన కృతజ్ఞతలు ఆయనకు చదివి వినిపించలేదు. అందుకని తెలుగులో చెప్పాను.

"బాపు, ఇదంత నీ వల్లనే అయింది."

ఆయన, "లొల్లి గూడ నా వల్లనే అయింది గదా బిడ్డా" అన్నాడు.

"అవు బాపు" అన్నాను. అప్పుడు నవ్వాడు.