బాత్‌రూమ్ కొక్కేనికి జంధ్యం

ఇర్వింగ్‌లో మా ఆఫీస్‌కి శుక్రవారం మధ్యాహ్నాలు ఒక రబ్బీ, అంటే యూదుల గురువు, వచ్చేవారు. మా టీమ్‌లోని ఆరన్‌తో ప్రార్థన చదివిస్తూ అతని చేతికి నల్లటి తోలు పట్టీ చుట్టేవారు. వాళ్లకి నిషిద్ధమైన పంది మాంసం పిజ్జా నాతో కలిసి లాగించిన ఆరన్‌కి ఇప్పుడీ భక్తేమిటని నాకు ఒళ్లు మండేది.

ఒకరోజు మీటింగ్ రూమ్ అద్దంలోంచి చూసి, "బీపీ చూస్తున్నాడ్రా" అన్నాను మా సురేశ్‌తో. ఇద్దరం పగలబడి నవ్వాం. రబ్బీ తలుపు తీసి, "మీకూ ఇలాంటిదేమైనా ఉందా?" అని మామూలుగానే అడిగారు.

"వీడికి జంధ్యం ఉంది" అని సురేశ్ ఇంగ్లిష్‌లో చెప్పేశాడు.

"చూడొచ్చా?" అంటూ ఆయన చేతులు కట్టుకుని నిలబడ్డారు.

భుజం తడుముకున్నాను. లేదు. పోయిన వారం స్నానానికి తీసి బాత్‌రూమ్ కొక్కేనికి తగిలించి మరిచిపోయాను. "ఉతికి ఆరేశాను" అన్నాను. జంధ్యం ఎవడైనా ఉతికి ఆరేస్తాడా? ఈసారి సురేశ్ కూడా నవ్వలేదు.

"ఈ పట్టీ కట్టుకోవడానికి ఆరన్‌కి నలభై ఏళ్లు పట్టింది. నేను అతన్ని అడిగింది రోజుకి ఒక్క నిమిషమే" అన్నారు రబ్బీ.

ఆయన వేరే ఊరు వెళ్లిపోయి మూడేళ్లయింది. ఆరన్ ఇప్పటికీ పొద్దున్నే తనే పట్టీ చుట్టుకుంటున్నాడు. భక్తి గురించి ఎదుటివాణ్ణి వెక్కిరించాను గానీ, నా జంధ్యం ఇంకా ఆ కొక్కేనికే ఉంది. రోజూ దాని మీదే తువ్వాలు ఆరేస్తున్నాను.