ఈ రాత్రికా, రేపటికా

మా వదిన విజయశ్రీ పదహారేళ్లుగా న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఒక ఇండియన్ గ్రోసరీలో కూరగాయల దగ్గర పనిచేస్తోంది. బెండకాయ కొసలు విరిచి చూసి, నచ్చనివి అక్కడే పడేసి పోయే మనవాళ్ల వెనకాల పొద్దస్తమానం ఏరుతూ ఉంటుంది. ఓక్ ట్రీ రోడ్డు పక్కవీధిలో ధర్మారావుగారి చిన్న షాపు ఖాళీ అయింది. అందులో సొంతంగా కూరగాయల కొట్టు పెట్టుకోమని నెల రోజులుగా పోరుతున్నాను. మా అన్నయ్య పద్మనాభం "మనకెందుకీ రిస్కు" అంటాడు. వదినేమో "నాకు ఏరడం తప్ప ఇంకేం వచ్చు" అంటుంది. ఇద్దరికిద్దరూ సరిపోయారు.

జూలైలో ఆఫీసు పని మీద నేను ఫ్రాన్స్‌లోని లియోన్ వెళ్లాల్సి వస్తే, ఆవిడను కూడా లాక్కెళ్లాను. పని ముగిశాక ఒక రోజు ఖాళీ దొరికింది. ధర్మారావుగారు పెట్టిన గడువూ ఆ రోజే. న్యూజెర్సీలో మధ్యాహ్నం పన్నెండు, అంటే లియోన్‌లో సాయంత్రం ఆరు. ఆలోగా చెప్పకపోతే షాపు వేరేవాళ్లకి వెళ్లిపోతుంది. ఆ మాట ఎత్తితే వదిన ముఖం తిప్పేసుకుంటోంది.

పొద్దున ఎనిమిదింటికల్లా నది గట్టున సంతలో ఉన్నాం. అక్కడ వదినను చూసి తీరాలి. విమానంలో నోరు మెదపని మనిషి, నా చెయ్యి పట్టుకుని చిన్నపిల్లలా పరుగులు పెట్టించింది.

"శాంతీ, ఇటు చూడు. వంకాయ మీద తెల్లచారలు. అదిగో, ఆ కాయలు పువ్వుతో సహా అమ్ముతున్నారు. ఒక్క పువ్వయినా నలగలేదు చూడు, ఎలా తెచ్చారో."

నాకూ హుషారొచ్చింది. గులాబీరంగు బాదం ముక్కలు పెట్టి కాల్చిన బ్రెడ్ ఒకటి కొని, ఇద్దరం నడుస్తూనే తినేశాం. అందులో పంది కొవ్వు వేశారా అని నేను మూడుసార్లు అడిగితే, అమ్మే పిల్ల పాపం ఓపిగ్గా మూడుసార్లూ లేదనే చెప్పింది.

అంతా బాగుందనుకునేలోపు వదిన కొంప ముంచింది. ఒక కొట్టు ముందు బీన్స్ రాశిగా పోసి ఉన్నాయి. అలవాటుగా ఒకటి తీసి టక్కున విరిచింది. బాగుందన్నట్టు తలూపి, ఇంకోటి విరిచింది. మూడోదానికి చెయ్యి చాచేసరికి కొట్టాయన, నెరిసిన మీసాల మనిషి, గబగబా వచ్చి రాశికి అడ్డంగా నిలబడ్డాడు.

"నో టచ్, మదాం. ఐ టచ్. యూ ఆస్క్."

లైనులో ఉన్నవాళ్లంతా మావైపే చూశారు. నేను సిగ్గుతో చచ్చిపోయాను. వచ్చీరాని ఫ్రెంచ్‌లో క్షమించమని చెప్పి వదినను పక్కకు లాగాను.

"చూశావా, పదహారేళ్లు నేను ఎవరెవర్ని తిట్టుకున్నానో ఇవాళ వాళ్లలా నేనూ చేశాను. నేను కొట్టు నడుపుతానా? ధర్మారావుగారికి వద్దని మెసేజ్ పెట్టెయ్." వదిన కళ్లలో నీళ్లు తిరిగాయి.

నాకు ఒళ్లు మండింది. "రెండు చిక్కుళ్లు విరిచినందుకు జీవితం విరిచేసుకుంటావా? నేను ఏ మెసేజూ పెట్టను. ఆరింటిదాకా టైముంది, నడువు" అని కసిరాను.

అక్కణ్ణుంచి పెద్ద చీజ్ షాపుకి తీసుకెళ్లాను. ఆ వాసనకి నేను ముక్కు మూసుకున్నాను. వదిన మాత్రం కౌంటర్ దగ్గరే నిలబడిపోయింది. అమ్మేవాడు ప్రతి ఒక్కరినీ ఏదో అడుగుతున్నాడు, జవాబు విన్నాక చీజ్‌ను బొటనవేలితో నొక్కి చూసి, ఒకటి పక్కన పెట్టి ఇంకొకటి ఇస్తున్నాడు.

"ఏమడుగుతున్నాడు?" అంది.

చెవులు రిక్కించి విన్నాను. "ఎప్పుడు తింటారని. ఈ రాత్రికా, రేపటికా, ఆదివారానికా అని."

వదిన నావైపు తిరిగింది. "అంటే తినే రోజుని బట్టి ఏరి ఇస్తున్నాడా?"

"అంతేగా."

"మరి నేను రోజూ చేసేది అదే కదే. మామిడిపండ్ల పెట్టె చూస్తే ఏది ఇవాళ్టిదో, ఏది ఎల్లుండిదో నాకు తెలుస్తుంది. కానీ మా దగ్గర పాతవి పైన పెట్టమంటారు, అడిగితే అన్నీ ఫ్రెష్షేనని చెప్పమంటారు."

ఇంకేం చెప్పనివ్వకుండా నన్ను లాక్కుంటూ వెనక్కి బయల్దేరింది. సంత ఎత్తేసే వేళకి మళ్లీ ఆ మీసాలాయన ముందు నిలబడ్డాం. ఆయన మమ్మల్ని గుర్తుపట్టి, బీన్స్ బుట్ట కాస్త వెనక్కి జరిపాడు.

వదిన చేతులు వెనక్కి కట్టుకుంది. "మెలన్. టునైట్" అంది.

ఆయన ఒక కర్బూజా తీసి వాసన చూసి ఇవ్వబోయాడు. వదిన తల అడ్డంగా ఊపింది. గడ్డంతో ఇంకొక కాయను చూపించింది. తొడిమ చుట్టూ సన్నగా పగులుబారిన కాయ. ఆయనకు కోపమొచ్చినట్టుంది. రెండింటినీ బల్లమీద పెట్టి కత్తి తీశాడు. ఆయన ఇచ్చింది కోస్తే తొక్క దగ్గర ఇంకా పచ్చిగా ఉంది. వదిన చూపించినది కోస్తే రసం బల్లమీదకు కారింది. ఆయన రెండు ముక్కలూ రుచి చూసి నవ్వేశాడు.

"యూ హావ్ షాప్, మదాం?"

నేను లేదని చెప్పబోయాను. వదిన నాకంటే ముందే అంది: "యెస్. మై షాప్. న్యూజెర్సీ."

అన్నాక తనే ఉలిక్కిపడింది. నేను గట్టిగా కావలించుకున్నాను. ఆనందం పట్టలేకపోయాను, దాచుకోవడమెందుకు?

అప్పుడు ఎడిసన్‌లో పొద్దున ఏడు. ఆయన లేచాక చేద్దామన్నా వినకుండా ఫోన్ తీసి స్పీకర్‌లో పెట్టింది. ధర్మారావుగారు నిద్రగొంతుతో ఎత్తారు.

"షాపు తీసుకుంటున్నామండీ" అంది వదిన.

"మంచిదమ్మా. ఒకసారి పద్మనాభంగారితో మాట్లాడించండి. లీజ్ మీద ఆయన పేరు వెయ్యాలిగా."

వదిన ఫోన్ నోటి దగ్గరికి తెచ్చుకుంది. "ఆయనకి నేను చెప్తానండీ. లీజ్ మీద నా పేరు వెయ్యండి. విజయశ్రీ."