రేకుల హాల్లో హార్మోనియం

మా అమ్మాయికి పన్నెండో ఏట పాతకాలపు యూరప్ నాట్యాల మీద మనసు పోయింది. స్కూల్లో ఏదో ప్రాజెక్టు చేస్తూ, రాజుల కాలపు దుస్తుల్లో జంటలు నెమ్మదిగా అడుగులు వేసే వీడియో చూసిందట. ఆ నాట్యాలు నేర్పే బృందం ఒకటి విదేశంలో మేముండే హారిసన్‌కి నలభై నిమిషాల దూరంలో, గొర్రెల మేత భూముల మధ్య ఒక చిన్న ఊళ్ళో, ప్రతి శనివారం మధ్యాహ్నం కలుస్తుందని తనే కనుక్కుంది. ఇంకేముంది, ప్రతి శనివారం డ్రైవరుని నేనే.

చెక్క గోడలు, ముడతల రేకుల పైకప్పు ఉన్న పాత హాలు అది. తనని దింపి నేను కార్లోనే కూర్చునేదాన్ని. చుట్టూ ఎండిన గడ్డి, దాని మీద వణికే ఎండ. హాలు కిటికీల్లోంచి స్పీకరు పాట సన్నగా వచ్చేది. సీటు వెనక్కి వాల్చి కళ్ళు మూసుకుంటే, ఆ పాట నిజంగా వస్తోందో, నిద్రలో వినిపిస్తోందో తెలిసేది కాదు.

ఒక శనివారం గట్టిగా వాన పట్టింది. కారు అద్దాలు మసకబారి ఊపిరాడనట్టయ్యేసరికి తలమీద సంచీ పెట్టుకుని లోపలికి పరిగెత్తాను.

పదహారు మందిదాకా ఉన్నారు, చాలామంది అరవై దాటినవాళ్ళు. మా అమ్మాయి ఒక తెల్లజుట్టాయన వేళ్ళ చివర తన వేళ్ళు ఆనించి, నీళ్ళలో నడుస్తున్నట్టు కదులుతోంది. నేర్పించే ఆవిడ రిటైరైన హిస్టరీ టీచరు. "ఇది మినుయెట్. రాజుగారి ముందు ఆడేవాళ్ళు. ముందెవరు ఆడాలో, తర్వాతెవరో హోదాని బట్టి నిర్ణయం. ఒక్క అడుగు తప్పితే వారం రోజులు విసనకర్రల చాటున నవ్వుకునేవారు," అంది నాకూ వినబడేలా. రేకుల మీద వాన మోతలో ఆ మాటలు ఎక్కడో దూరం నుంచి వస్తున్నట్టున్నాయి.

కూర్చోడానికి చోటు వెతుక్కుంటూ గోడ వారకి వెళ్ళాను. పాత దుప్పటి కప్పిన బల్లలాంటిది ఉంది, పైన రెండు ఖాళీ పూలకుండీలు. దుప్పటి అంచు కింద రెండు పెడళ్ళు కనిపించాయి. అరిగిన తివాచీ ముక్కలు అతికించిన పెడళ్ళు. వాయించే మెట్లు చూడక్కర్లేకుండానే అదేమిటో నాకు తెలిసిపోయింది.

మా నాన్న తెనాలి దగ్గర ఒక స్కూల్లో గుమాస్తా. సెలవు రోజుల్లో పద్య నాటకాలకి హార్మోనియం వాయించేవారు, ఇలా కాళ్ళతో తొక్కేదే. రిహార్సల్సు ఒక టైలరు షాపు మేడ మీద మధ్యాహ్నాలు జరిగేవి. ఆరేడేళ్ళ నేను హార్మోనియం పక్కన నేల మీద పడుకునేదాన్ని. నాకు కనిపించేవి నాన్న పాదాలు, లుంగీలు కట్టుకుని తిరిగే రాజుల పాదాలు. పైనెక్కడో పద్యం సాగేది. కింద గాలి తిత్తులు ఊపిరి పీల్చి వదిలేవి. ఆ ఊపిరికే నిద్రపోయేదాన్ని. పెద్దయ్యాక నాన్నే నాకు నేర్పారు. "నటుడి ఊపిరి వినమ్మా. వాడు రాగం లాగితే నువ్వాగు. నువ్వెప్పుడూ వాడి వెనకే," అనేవారు.

పెడల్ మీద కాలు వేసి నొక్కాను. ముసలి కుక్క నిట్టూర్చినట్టు గాలి పోయింది, అంతే.

"ఎలుకలు తినేశాయి దాన్ని," అన్నాడు హాలు తాళాలు చూసుకునే పెద్దాయన, ఒకప్పుడు గొర్రెల రైతు. "నీకు తెలుసా ఇది?"

"మా నాన్న వాయించేవారు. ఇండియాలో, నాటకాలకి."

"ఇది ఇండియాకెలా వచ్చింది?" ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు.

"ఇక్కడికెలా వచ్చిందో అలాగే. ఓడెక్కి."

ఆయన నవ్వి, కుండీలు దింపి దుప్పటి తీసేశాడు. వాళ్ళ ముత్తవ్వ దీని మీద ఆదివారం ప్రార్థన గీతాలు, శనివారం వాల్ట్జ్‌లు వాయించేదట. ఆడా మగా నడుం పట్టుకుని తిరిగే నాట్యానికి పవిత్రమైన వాయిద్యమా అని పాస్టరు మూతకి తాళం వేస్తే, ఆవిడ వెనక మడతబందుల మేకులు ఊడదీసి మూత ఎత్తేసిందట. "మేకుల గుంటలు చూడు," అని చూపించాడు. నిజంగానే ఉన్నాయి.

మా ఊళ్ళ వైపు కూడా దొరల ఇళ్ళలోంచి, చర్చీల్లోంచి ఈ పెట్టె మెల్లగా నాటకం వేదిక ఎక్కింది. మన రాగాలకి పనికిరాదని పెద్ద విద్వాంసులు దాన్ని ఈసడించుకున్నారని నాన్న చెప్పేవారు. రెండు చోట్లా తిట్లు తిన్న వాయిద్యమే!

బాగు చెయ్యడానికి ఆరు శనివారాలు పట్టింది. తిత్తులకి ఆయన కొత్త గుడ్డ అతికించాడు. నేను స్వరాలు పలికే ఇత్తడి రీడ్లు ఒక్కొక్కటీ బయటికి లాగి టూత్‌బ్రష్‌తో తుడిచాను. అడుగున ఒక తలపిన్ను, ఒక ముత్యపు బొత్తాం, దారంతో చిన్న పెన్సిల్ కట్టిన మడత కార్డు దొరికాయి. ఏ నాట్యం ఎవరితో ఆడాలో అమ్మాయిలు ముందే రాసుకునే కార్డు అదని టీచరమ్మ చెప్పింది. పేర్లన్నీ వెలిసిపోయాయి. కిటికీ వెలుగులో ఎంతసేపు తిప్పినా ఒక్క అక్షరం దొరకలేదు.

పని పూర్తయ్యాక, ఊరివాళ్ళని పిలిచి చేసే ప్రదర్శనకి వాల్ట్జ్ నన్నే వాయించమంది టీచరమ్మ. నాకు వాళ్ళ నొటేషన్ చదవడం రాదు. రికార్డు విని స రి గ మల్లో రాసుకున్నాను. తీరా వాయిస్తే వింత జరిగింది. జంటల అడుగు కాస్త తడబడితే నేను ఆగాను. నేను ఆగానని వాళ్ళు నెమ్మదించారు. వాళ్ళు నెమ్మదించారని నేను ఇంకా నెమ్మదించాను. చివరికి హాలంతా కలలో లాగా తేలుతూ తేలుతూ నిలబడిపోయింది.

"మమ్! దే ఆర్ ఫాలోయింగ్ యూ. యూ కాంట్ ఫాలో దెమ్!" అని మా అమ్మాయి నడుం మీద చెయ్యి వేసుకుని అరిచింది.

"మరి నేనెవర్ని ఫాలో అవ్వాలే?"

"నోబడీ! జస్ట్ కౌంట్."

ఎవరి వెనకా వెళ్ళకుండా వాయించడం నాకు తెలియని విద్య. అప్పుడు తను నా వెనక నిలబడి, భుజం మీద వేళ్ళతో ఒకటి రెండు మూడు, ఒకటి రెండు మూడు అని తట్టడం మొదలుపెట్టింది. మూడు వారాలు అలాగే తట్టింది. తను నన్ను అంత సేపు తాకి చాలా రోజులైంది. అందుకే లెక్క వచ్చేశాక కూడా రాలేదనే చెప్పాను.

ప్రదర్శన రోజు ఊరు ఊరంతా కేకులతో, మడత కుర్చీలతో వచ్చింది. మావారు వెనక నిలబడి ఫోన్లో వీడియో తీస్తున్నారు. వాల్ట్జ్ సగంలో ఉండగా ఒక మెట్టు కిందికి దిగి అక్కడే ఉండిపోయింది. వేలు తీసినా స్వరం ఆగలేదు. మరుక్షణం గుర్తుపట్టాను, అది పాట షడ్జమమే. శ్రుతి! దాన్ని అలాగే ఉండనిచ్చి పైన పాట నడిపించాను. జంటలు ఆగలేదు. గౌన్ల అంచులు నేలని తుడుస్తూ తిరుగుతుంటే, కిందనుంచి ఆ ఒక్క స్వరం హాలంతా నిండి, టైలరు షాపు మేడ మీది నిద్ర లాంటిదేదో నన్ను కమ్మేసింది. లెక్క మాత్రం తప్పలేదు.

పాట అయిపోయింది. నేను తొక్కడం ఆపాను. తిత్తుల్లో గాలి మిగిలి ఉంది కాబట్టి ఆ స్వరం సన్నబడుతూ సాగుతూనే ఉంది. అది పూర్తిగా పోయేదాకా జంటలు ఎక్కడివాళ్ళక్కడ, చేతులు వదలకుండా నిలబడ్డారు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కొట్టాలని తర్వాత గుర్తొచ్చింది వాళ్ళకి.

"చివర్లో అలా వాయించడం ఇండియన్ పద్ధతా?" అని టీ దగ్గర టీచరమ్మ అడిగింది.

"మెట్టు ఇరుక్కుపోయిందండీ," అన్నాను. ఆవిడ నమ్మలేదు.

ఆ తర్వాతి ఏడాది మా అమ్మాయి నెట్‌బాల్ జట్టులో చేరింది. శనివారాలు తనని వాళ్ళ నాన్న తీసుకెళ్తారు. నేను ఒక్కదాన్నే హాలుకి వెళ్తాను. ఇప్పుడు హార్మోనియం మీద పోల్కా అనే నాట్యపు పాట నేర్చుకుంటున్నాను. అది వాల్ట్జ్ కంటే వేగం. ఇంటికొచ్చేసరికి పిక్కలు పట్టేస్తాయి, ఆదివారమంతా మెట్లు ఎక్కలేను.