మూడు విజిళ్ళ పప్పు, మూడు నెలల నాచు

"యాదగిరీ, నిజం చెప్పు. క్యాన్లల్ల బోరు నీళ్ళు నింపి తెస్తున్నవా లేదా?"

"నా పిల్లల మీద ఒట్టు అక్కా! ప్లాంటుల నా కండ్ల ముందట నింపిచ్చుకొని వస్త. బోరు నీళ్ళు మోసే ఖర్మ నాకేంది?"

"మరి నీళ్ళల్ల ఉప్పు కొలిచే ఈ మీటర్ అబద్ధం చెప్తదా? ఇగో, ముప్పై చూపియ్యాల్సిన చోట తొమ్మిది వందలు చూపిస్తుంది."

"గా మీటరే ఖరాబైందేమో!"

"మీటర్ మంచిగనే ఉంది, నీ నీయతే ఖరాబైంది. ఇప్పుడే అపార్ట్‌మెంట్ గ్రూపుల పెడ్త. నలభై ఇండ్లోళ్ళు నీ దగ్గర నీళ్ళు బంజేస్తరు."

గుమ్మానికి లోపల మా కోడలు స్వప్న. బయట నీళ్ళ క్యాన్లు వేసే యాదగిరి. నడుమ నేను, చేతిల పాత టూత్‌బ్రష్ పట్టుకొని. అసలు దొంగ ఎవరో అక్కడ తెలిసింది నాకొక్కదానికే. నోరు మాత్రం లేస్తలేదు. నేనట్ల నోరు మూసుకొని నిలబడ్డది అంతకుముందు నా పెండ్లినాడే. దాని ఫలితం నలభై ఏండ్లు మోసిన. దీని ఫలితం ఇప్పుడు చెప్త, కడుపు పట్టుకొని నవ్వుకోండ్రి. నాకైతే నవ్వే ఓపిక కూడ లేదు.

రెండేండ్ల కిందటి ముచ్చట. అప్పుడు నాకు అరవై ఎనిమిది. తెలిసీ తెలియని వయసు.

స్వప్న దిల్‌సుఖ్‌నగర్ పోయి ఒక అద్దాల తొట్టి కొనుక్కొచ్చింది. అందరి ఇండ్లల్ల ఉండే చేపలు కావట, సముద్రం చేపలట. "ఎల్బీనగర్‌ల సముద్రం యాడుంది బిడ్డా?" అని అడిగిన. "మనమే చేసుకుంటం అత్తమ్మా" అని, ఏదో ప్యాకెట్ ఉప్పు కలిపి హాల్లనే సముద్రం పెట్టింది. దాంట్ల నారింజ రంగు చేపలు రెండు, ఒంటికి తెల్ల పట్టీలు కట్టుకొని, పెండ్లికి పోతున్నట్టు తిరుగుతుండె.

ఆ తొట్టిల రోజూ చెంబెడు నీళ్ళు ఆవిరైతయి. ఉప్పు ఆవిరి కాదు గనుక, తగ్గినంత ఉత్త నీళ్ళు పొయ్యాలె. అవి కూడ యాదగిరి తెచ్చే క్యాను నీళ్ళే పొయ్యాలె. స్వప్న ఆఫీసుకు పోతది, ఆ పని నాకు అప్పజెప్పింది.

ఇగ మా బోరు నీళ్ళ సంగతి వినండ్రి. నల్లా నీళ్ళు దినం విడిచి దినం వస్తయి, తాగేటందుకే సరిపోతయి. వంటకు బోరే దిక్కు. దాంట్ల కందిపప్పు తొమ్మిది విజిళ్ళు పెట్టినా ఉడకదు. ఒకనాడు మోటరు కాలిపోతే, ఇంక గతిలేక చేపల క్యాను నీళ్ళు కుక్కర్ల పోసిన. మూడు విజిళ్ళు! పప్పు వెన్న లెక్కయింది. మా కొడుకు రెండుసార్లు అడిగి పెట్టిచ్చుకున్నడు. అంతకుముందు వాడు నా వంటను మెచ్చుకున్నది వాడికి పండ్లు రాకముందే.

చదివింది రెండో తరగతే గాని, లెక్క మాత్రం గట్టిగ వేసిన. బోరు నీళ్ళు ఉప్పు నీళ్ళు. చేపలు ఉప్పు చేపలు. ఉప్పోళ్ళకు ఉప్పు నీళ్ళు పోతే తప్పేముంది? మంచినీళ్ళు పప్పుకు పోతే గ్యాసు మిగులుతది. అప్పటిసంది క్యాను నీళ్ళు వంటింట్ల బిందెలకు పోయినయి. ఖాళీ అయినట్టు కనిపించొద్దని క్యానుల బోరు నీళ్ళు నింపి, మూత బిగించి పెట్టేదాన్ని.

పదిహేను దినాలు కాలేదు, నాచు మొదలైంది. ముందు అద్దానికి గోధుమరంగు దుమ్ము, తర్వాత రాళ్ళకు పచ్చని వెంట్రుకలు. రాళ్ళు జడ వేసుకునేటంత పెరిగినయి. స్వప్న లైటు తగ్గించింది, చేపల తిండి తగ్గించింది, నాచు తింటయని నత్తలను తెచ్చింది. పాపం అవి తిని తిని, అలసిపోయి అద్దానికి అంటుకొని పడుకున్నయి. గీకుడు పని నాకొచ్చింది. గడ్డిఅన్నారం మార్కెట్ల ముప్పై ఏండ్లు బత్తాయిలు ఏరిన చేతులివి. అప్పుడు నొయ్యని భుజాలు ఇప్పుడు నొచ్చినయి. పొద్దుగాల నాచు గీకుడు, పది గంటలకు బోరు నీళ్ళు పోసుడు. మూడు నెలలు. కంచె చేను మేసిన కథ మీరు విన్నరు. మా ఇంట్ల కంచె కలుపుకు ఎరువేసింది.

ఆఖరికి స్వప్న ఈ మీటర్ తెచ్చి, క్యానుల ముంచింది. "నాచుకు తిండి ఈ నీళ్ళే అత్తమ్మా! ఆ యాదగిరి మోసం చేస్తుండు" అన్నది. నా చేతిల బ్రష్ అప్పుడే బరువెక్కింది.

ఇగ గుమ్మం కాడికి వద్దాం. యాదగిరి నాదిక్కు తిరిగి, "పెద్దమ్మా, నువ్వన్న చెప్పు. రోజూ క్యాను దించుకునేది నువ్వే గదా. నువ్వు అబద్ధమాడవు" అన్నడు. వాడి కండ్లల్ల నీళ్ళు. ఆ నీళ్ళకు ఏ మీటరూ అక్కర్లేదు.

చెప్దామనే నోరు తెరిచిన. సరిగ్గ అప్పుడే కుక్కర్ మూడో విజిల్ వేసింది. పాడు అలవాటు ఊరుకుంటదా?

"స్వప్నా, ఉరుకు, పొయ్యి బంజెయ్యి! పప్పైంది!"

యాదగిరి కండ్లు తుడుచుకుంటనే అడిగిండు: "మూడుకేనా పెద్దమ్మా? మా ఇంట్ల బోరు నీళ్ళకు తొమ్మిది పెట్టినా..."

అక్కడ ఆగిపోయిండు. క్యాను దిక్కు చూసిండు, వంటిల్లు దిక్కు చూసిండు. స్వప్న నా దిక్కు చూసింది.

"అత్తమ్మా, పప్పుల ఏ నీళ్ళు పోసిండ్రు?"

"చేపలవి."

"మరి చేపలకు?"

"పప్పువి."

స్వప్న ఫోన్ల రాసిందంతా చెరిపేసి, "తప్పైంది యాదగిరి అన్నా" అని దండం పెట్టింది. నేను వాడి చెయ్యి పట్టుకొని, "తప్పు ఆమెది కాదు బిడ్డా, నాది" అన్న.

"పోనీ పెద్దమ్మా" అన్నడు నా బ్రష్ చూసి. "మూడు నెలలు గీకినవు గదా. తీర్పు కంటే శిక్షే ముందు పడ్డది నీకు."

ఆనాడే పొయ్యి మీద చెయ్యి పెట్టి ఒట్టేసిన. ఈ జన్మల ఒకరి నీళ్ళు ఇంకొకరి గిన్నెల పొయ్యను. నా చితి ఆర్పేటప్పుడు కూడ ఏ నీళ్ళో అడిగి పొయ్యండ్రి.

తెల్లారి బోరు నీళ్ళతోనే పప్పు పెట్టిన. తొమ్మిది విజిళ్ళకు కూడ ఉడకలే. మా కొడుకు అన్నం డబ్బా మూత తీసి, "అమ్మా, నీకు పానం మంచిగ లేదా?" అని అడిగిండు. యాదగిరి రెండు క్యాన్లు దించిపోయిండు. ఒకదాని మీద మార్కరుతో చేప బొమ్మ, ఇంకోదాని మీద కుక్కర్ బొమ్మ. తప్పొప్పుకుంటే మనుషులు చల్లబడ్డరు గాని, నాచు అట్లనే ఉంది. బ్రష్ తీసుకొని గీకుతూ కూసున్న.