లిమ్రి అంటే చెవి

మా పాప, పక్కింటి పిల్ల తామే కల్పించుకున్న భాషలో మాట్లాడుకుంటుంటే నా గుండె ఝల్లుమంది.

చిన్నప్పుడు మందమర్రిలో, బొగ్గుబాయి కార్మికుల కాలనీలో, నేనూ మా చెల్లె స్వప్నా అట్లాగే ఒక భాష కల్పించుకున్నాం. ఒకరు దాన్ని బయటపెడితే రెండోవాళ్లు చచ్చిపోతారని ఒట్టు కూడా వేసుకున్నాం.

ఒక వానకాలం చెల్లెకు జ్వరం ముదిరింది. కళ్లు తెరవకుండా "లిమ్రి... లిమ్రి..." అని మూలిగేది.

"బిడ్డకు గాలి సోకిందయ్యో!" అని అవ్వ, అంటే మా అమ్మ, ఏడుస్తూ దిష్టి తీసింది. బాపు తాయెత్తు కట్టించాడు.

లిమ్రి అంటే చెవి. అది నాకొక్కదానికే తెలుసు. చెబితే చెల్లె చచ్చిపోతుంది. చెప్పకపోయినా చచ్చిపోయేటట్టే ఉంది. రెండు రోజులు తలుపు వెనక నిలబడి ఏడ్చాను. మూడోనాడు పొద్దున చెల్లె మూలుగు కూడా ఆగిపోయింది.

"అవ్వా, దానికి చెవు నొస్తుందే!" అని అరిచాను.

ఆస్పత్రిలో డాక్టరు చెవిలో లైటు వేసి చూశాడు. "గిన్ని రోజులు ఏం జేసిండ్రమ్మా?" అని అవ్వను కోప్పడ్డాడు.

చెల్లె బతికింది. ఎడమ చెవి మాత్రం వినపడకుండా పోయింది.

ఇప్పటికీ నేను దాని కుడిపక్కనే కూర్చుని మాట్లాడతాను. ఆ రెండు రోజుల సంగతి దానికి ఇంకా చెప్పలేదు.